బౌద్ధం బిడ్డా, దాయాదా?

నాగపూర్‌లో ఒక బౌద్ధ జంట పెళ్లి చేసుకుంటుందనుకుందాం. పురోహితుడు లేడు, హోమం లేదు, ఏడడుగులు లేవు. బుద్ధుడి బొమ్మ ముందు త్రిశరణాలు, పంచశీలాలు చెప్పుకుని దండలు మార్చుకుంటారు. రేపు వాళ్ల మధ్య పొరపొచ్చాలు వచ్చి విడాకులదాకా వెళ్తే కోర్టులో వర్తించేది 1955 నాటి హిందూ వివాహ చట్టం. అదే జంట తమ బిడ్డ చదువుకు మైనారిటీ ఉపకారవేతనం అడిగితే మాత్రం వాళ్లు అర్హులే. కేంద్రం 1993లో మైనారిటీలుగా ప్రకటించిన అయిదు వర్గాల్లో బౌద్ధులు ఉన్నారు. ఒక కాగితం మీద హిందువుల లెక్కలో, ఇంకో కాగితం మీద వేరే మతం లెక్కలో.

2025లో బుద్ధగయలో భిక్షువులు నిరాహార దీక్షకు కూర్చున్నప్పుడు ఈ చిక్కే మళ్లీ వార్తల్లోకి వచ్చింది. మహాబోధి ఆలయ పాలక కమిటీలో హిందువులకు చోటెందుకన్నది వాళ్ల ప్రశ్న. బుద్ధుడు విష్ణుమూర్తి అవతారమే కదా అన్నది అవతలివైపు తరచూ వినిపించే జవాబు. ఇలాంటి సందర్భం వచ్చినప్పుడల్లా రెండు వాక్యాలు ఢీకొంటాయి. బౌద్ధం హిందూ మత వృక్షానికి వేసిన కొమ్మ అని ఒకటి. బౌద్ధం హిందూ మతం మీద తిరుగుబాటు అని ఇంకొకటి. పైకి బద్ధశత్రువుల్లా కనిపించే ఈ రెండు వాక్యాలకూ పునాది ఒక్కటే. బుద్ధుడు పుట్టేసరికే హిందూ మతం ఇప్పటి రూపంలో సిద్ధంగా ఉందని రెండూ అనుకుంటున్నాయి. ముడి పడింది అక్కడే.

ముందు పేర్ల సంగతి

'హిందూ' అన్న మాట సింధు నది పేరులోంచి వచ్చింది. పారశీకుల నోట 'స' కాస్తా 'హ' అయింది. చాలాకాలం అది నేలకూ అక్కడి జనానికీ పేరు, మతానికి కాదు. బుద్ధుడి జీవితకాలం క్రీ.పూ. 563-483 అని పాత లెక్క. ఆ తేదీలను సుమారు 80 ఏళ్లు ఇవతలికి జరిపే చరిత్రకారులూ ఉన్నారు. ఏ లెక్క తీసుకున్నా, ఆ కాలంలో తాను హిందువునని చెప్పుకున్న మనిషి కనిపించడు.

ఇప్పుడు హిందూ మతం అనగానే మనకు గుడి, గర్భాలయంలో మూలవిరాట్టు, అర్చన, నైవేద్యం, రాముడు, కృష్ణుడు, వినాయకుడు గుర్తుకొస్తారు. ఆనాటి వైదికుల ఆరాధనలో గుడి లేదు. వేదిక, అగ్ని, మంత్రం, ఇంద్రుడు, వరుణుడు, సోమరసం ఉన్నాయి. దీన్ని చరిత్రకారులు వైదిక మతమనీ బ్రాహ్మణ ధర్మమనీ అంటారు. అది బౌద్ధం కంటే శతాబ్దాలు పెద్దది. ఇందులో పేచీ లేదు. కానీ వైదిక మతం నుంచి ఇప్పటి హిందూ మతం వరకు నడిచిన దారి చాలా పొడవైనది. ఆ దారిలో సగానికి పైగా బౌద్ధం పక్కనే నడిచింది.

ఇంకో పేరు శ్రమణులు. ఇల్లు విడిచి, బిచ్చమెత్తుకుంటూ, చావుపుట్టుకల నుంచి బయటపడే దారి వెతికిన వాళ్లు. బుద్ధుడు శ్రమణుల్లో ఒకడు, మహావీరుడు ఇంకొకడు, ఆజీవకుల గురువు మక్ఖలి గోశాలుడు మరొకడు. అశోకుడి శాసనాలు బ్రాహ్మణులనూ శ్రమణులనూ జంటగా పేర్కొని ఇద్దరినీ గౌరవించమంటాయి. వ్యాకరణవేత్త పతంజలికి మాత్రం ఆ జంట వేరేగా కనిపించింది. ఎన్నటికీ పొసగని వాళ్ల పేర్లను సమాసం చేసే పద్ధతికి ఆయన ఇచ్చిన ఉదాహరణ 'శ్రమణబ్రాహ్మణం'. అదే పద్ధతికి తర్వాతి వ్యాకర్తలు చూపిన ఉదాహరణలు పిల్లీ ఎలుకా, పామూ ముంగిసా.

మాటలు కూడా ఈ పోరులో దెబ్బ తిన్నాయి. అశోకుడు 12వ శిలాశాసనంలో ప్రతి 'పాషండ'మూ వర్ధిల్లాలన్నాడు. ఆయన దృష్టిలో పాషండమంటే ఏదో ఒక మతశాఖ, అంతే. ఆ శాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదా ఉంది. తర్వాత సంస్కృతంలోనూ తెలుగులోనూ పాషండుడంటే వేదాన్ని తిట్టే దుర్మార్గుడైపోయాడు. 'దేవానాంప్రియ' అన్నది అశోకుడు గర్వంగా పెట్టుకున్న బిరుదు. తర్వాతి సంస్కృత వ్యాకరణాల్లో దానికి మూర్ఖుడని అర్థం!

కర్మ ఎవరి సొత్తు?

బౌద్ధం హిందూ మతంలోంచి వచ్చిందనేవారు ముందుగా చూపే రుజువు కర్మ, పునర్జన్మ, మోక్షం. ఈ మూడూ ఇద్దరికీ ఉన్నాయి, వైదికులు ముందువాళ్లు, కాబట్టి బుద్ధుడు వాళ్ల దగ్గర తీసుకున్నాడు అని. వినడానికి సూటిగా ఉంది. చిక్కేమిటంటే, ఋగ్వేదంలో పునర్జన్మ సిద్ధాంతం స్పష్టంగా కనిపించదు. చనిపోయినవారు పితృలోకానికి వెళతారు. తిరిగి పుట్టడం, చేసిన పనికి తగిన జన్మ ఎత్తడం అన్న ఆలోచన ఉపనిషత్తుల్లో తల ఎత్తుతుంది. అది ఎలా తల ఎత్తుతుందో చూడడం బాగుంటుంది.

బృహదారణ్యకంలో, విదేహ రాజు జనకుడి సభలో ఆర్తభాగుడు యాజ్ఞవల్క్యుణ్ని ఒక ప్రశ్న అడుగుతాడు. మనిషి చనిపోతే వాక్కు అగ్నిలో, ప్రాణం గాలిలో, చూపు సూర్యుడిలో కలుస్తాయి సరే, మరి ఆ మనిషి ఎక్కడ ఉంటాడు? యాజ్ఞవల్క్యుడు సభలో జవాబు చెప్పడు. నా చెయ్యి పట్టుకో, ఇది మనమిద్దరమే మాట్లాడుకోవలసిన విషయం, పదిమందిలో కాదంటాడు. ఇద్దరూ బయటికి వెళ్లి మాట్లాడుకున్నది కర్మ గురించి అని ఉపనిషత్తు చెబుతుంది. మంచి పనితో మనిషి మంచివాడవుతాడు, చెడ్డ పనితో చెడ్డవాడవుతాడు అన్నది సారాంశం. అందరికీ తెలిసిన పాత సంగతైతే చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లే పని ఏముంది?

ఛాందోగ్యంలో ఇంకా విచిత్రమైన ఘట్టం ఉంది. చదువు ముగించుకుని వచ్చిన శ్వేతకేతువును పాంచాల రాజు ప్రవాహణ జైవలి అయిదు ప్రశ్నలు వేస్తాడు. చనిపోయినవాళ్లు ఎక్కడికి పోతారు, ఎలా తిరిగొస్తారు వంటివి. ఒక్కదానికీ జవాబు తెలియక కుర్రవాడు తండ్రి ముందు వాపోతాడు. తండ్రికీ తెలియదు. ఆయనే రాజు దగ్గరికి శిష్యుడిగా వెళతాడు. ఈ విద్య నీకు ముందు ఏ బ్రాహ్మణుడికీ అందలేదని రాజు చెబుతాడు. ఈ మాట రాసి దాచుకున్నది బ్రాహ్మణుల గ్రంథమేనని మరిచిపోకూడదు.

దీన్ని పండితులు రెండు విధాలుగా చదివారు. జోహానెస్ బ్రాంఖార్స్ట్ వంటివారి వాదన ప్రకారం గంగా మైదానపు తూర్పు భాగంలో, అంటే మగధ, దాని చుట్టుపక్కల, వైదికం కాని వేరే సంస్కృతి ఉండేది. కర్మ, పునర్జన్మ అక్కడివి. బౌద్ధ జైనాలు అక్కడ పుట్టాయి. ఉపనిషత్తుల్లోకి ఆ భావాలు అక్కడి నుంచే పాకాయి. శతపథ బ్రాహ్మణం ఆ తూర్పువాళ్లను అసురస్వభావులంటూ, వాళ్లు సమాధులను గుండ్రంగా కడతారని, దైవభక్తులు నలుచదరంగా కడతారని చెబుతుంది. గుండ్రటి సమాధి అనగానే మన కళ్ల ముందు స్తూపం కదలడం సహజం.

రిచర్డ్ గోంబ్రిచ్ వంటివారి పఠనం వేరు. బుద్ధుడి మాటలను జాగ్రత్తగా చదివితే ఉపనిషత్తుల భావాలు ఆయనకు తెలుసనీ, వాటికి జవాబు చెబుతూ, కొన్నిచోట్ల వాటిని ఎకసెక్కం చేస్తూ మాట్లాడాడనీ వీరంటారు. ఈ రెండింటిలో ఏదో ఒకటే నిజం కావాలని లేదు. నాకైతే మొదటి వాదనలో భూగోళం బలంగా ఉంది, రెండో వాదనలో పాఠం బలంగా ఉంది అనిపిస్తుంది. ఒకటి మాత్రం తేలుతుంది. కర్మ వైదికుల పిత్రార్జితం, బుద్ధుడు దానికి వారసుడు అని తేలిగ్గా అనడానికి ఆధారం చాలదు. ఇద్దరూ ఒకే ఉమ్మడి ఆస్తి మీద హక్కు చెప్పుకున్న దాయాదుల్లా ఉన్నారు.

అదే మాట, వేరే అర్థం

బుద్ధుడు ఎదుటివాడి మాటను పారేయడు. దాన్ని చేతిలోకి తీసుకుని, లోపలిది మార్చి తిరిగి ఇస్తాడు.

కర్మ అంటే వైదిక వాడుకలో ముందుగా యజ్ఞకర్మ, అంటే క్రియ. తంతు తప్పితే ఫలం తప్పుతుంది. బుద్ధుడు 'చేతననే నేను కర్మ అంటున్నాను' అన్నాడు. చేతన అంటే ఇక్కడ మనసులోని ఉద్దేశం. తెలియక చీమను తొక్కినవాడూ కావాలని తొక్కినవాడూ చేసిన పని ఒక్కటే, కర్మ ఒక్కటి కాదు. (ఆ కాలపు జైనులు దీనికి ఒప్పుకోరు. తెలియక తొక్కినా అంటుతుందంటారు. శ్రమణుల మధ్యా ఇలాంటి తగాదాలు చాలా ఉన్నాయి.)

అగ్ని సంగతి ఇంకా బాగుంటుంది. గయ దగ్గర అగ్నిని ఆరాధించే ముగ్గురు కాశ్యప సోదరులు, వాళ్ల వెయ్యిమంది జటాధారులు బుద్ధుడి శిష్యులయ్యారు. వాళ్లకు ఆయన చేసిన ఉపదేశం 'అంతా మండుతోంది' అని మొదలవుతుంది. కన్ను మండుతోంది, చెవి మండుతోంది, మనసు మండుతోంది. దేనితో? రాగంతో, ద్వేషంతో, మోహంతో. వైదిక గృహస్థు వెలిగించే శ్రౌతాగ్నులు మూడు, బుద్ధుడు చెప్పిన మంటలూ మూడే. జీవితమంతా అగ్ని ఆరకుండా కాపాడుకున్నవాళ్లకు ఆర్పేయమని చెప్పాడన్నమాట. నిర్వాణం అన్న మాటకు అర్థం ఆరిపోవడమే. బౌద్ధంలో తగులాటానికి వాడే 'ఉపాదానం' అన్న మాటకు ఇంధనం అని కూడా అర్థం. కట్టె వేయడం మానేస్తే మంట దానంతటదే ఆరుతుంది.

సిగాలుడనే యువకుడు తండ్రి చెప్పిన మాట ప్రకారం పొద్దున్నే తడిబట్టలతో ఆరు దిక్కులకు మొక్కుతుంటాడు. బుద్ధుడు అతన్ని మొక్కవద్దు అనలేదు. తూర్పు అంటే నీ తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర ఆలుబిడ్డలు, ఉత్తరం స్నేహితులు, కింది దిక్కు నీ పనివాళ్లు, పై దిక్కు శ్రమణ బ్రాహ్మణులు, వీళ్లను చక్కగా చూసుకోవడమే దిక్కులకు మొక్కడమన్నాడు. యజ్ఞం గురించి కూటదంతుడనే బ్రాహ్మణుడు అడిగినప్పుడూ అంతే. ఒక పాతకాలపు రాజు కథ చెప్పాడు. ఆ రాజు ముందు రైతులకు విత్తనాలు, వర్తకులకు పెట్టుబడి, కొలువులో ఉన్నవాళ్లకు జీతం ఇచ్చి, ఆ తర్వాత ఒక్క పశువునూ చంపకుండా నెయ్యి, పెరుగు, తేనెలతో యజ్ఞం చేశాడట.

దీన్ని సంస్కరణ అనాలా, తిరస్కారం అనాలా? లోపలి నుంచి బాగుచేశాడని ఒకరు, పేరు ఉంచి ప్రాణం తీశాడని ఇంకొకరు. ఆనాటి యాజ్ఞికుడి వైపు నుంచి చూస్తే రెండో మాటే నిజమనిపించి ఉంటుంది. పశువు లేని, వేదమంత్రం అక్కరలేని యజ్ఞంలో ఆయనకు పని ఏముంది?

రెండు రథాలు

ఇద్దరి మధ్య అసలు గీత ఆత్మ దగ్గర పడుతుంది. దాన్ని చూడడానికి రెండు రథాలు చాలు.

మొదటిది కఠోపనిషత్తులో, యముడు నచికేతుడికి చూపించిన రథం. శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, మనస్సు కళ్లెం, బుద్ధి సారథి. ఆత్మ? లోపల కూర్చున్న రథికుడు. రథం విరగవచ్చు, గుర్రాలు చావవచ్చు, రథికుడికి చావు లేదు.

రెండోది మిలిందుడు ఎక్కి వచ్చిన రథం. వాయవ్య భారతాన్ని క్రీ.పూ. 2వ శతాబ్దంలో ఏలిన యవన రాజు మినాండరే ఈ మిలిందుడు. నాగసేనుడనే భిక్షువు తన పేరు ఉత్త పిలుపు మాత్రమేననీ, లోపల నాగసేనుడనే వ్యక్తి ఎవరూ లేరనీ అంటాడు. రాజు నవ్వుతాడు. అప్పుడు భిక్షువు అడుగుతాడు: ఎండలో నడిచి వచ్చావా, రథంలో వచ్చావా? రథంలోనే. అయితే రథం చూపించు. ఇరుసు రథమా? కాదు. చక్రాలా? కాదు. కాడా? కాదు. ఇవన్నీ పక్కన పెడితే మిగిలేది రథమా? అదీ కాదు. మరి ఇంతటి రాజువు, లేని రథంలో వచ్చానని అబద్ధమాడతావా? ఈ భాగాలన్నీ కూడినప్పుడు రథమని పిలుస్తామని రాజు ఒప్పుకుంటాడు. నాగసేనుడూ అంతే అంటాడు భిక్షువు.

ఒక రథంలో రథికుడే సర్వస్వం. రెండో దానిలో రథికుడి మాట అటుంచి రథమే లేదు.

ఇక్కడ వెంటనే ఒక అనుమానం వస్తుంది. ఆత్మే లేకపోతే పునర్జన్మ ఎవరికి? మిలిందుడూ అదే అడిగాడు. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తే మొదటి దీపం నుంచి ఏదైనా లేచి రెండో దానిలోకి వెళ్లిందా అని నాగసేనుడి ఎదురుప్రశ్న. అలాగైతే పాపం చేసినవాడు తప్పించుకున్నట్టే కదా? దానికి మామిడిపళ్ల దొంగ కథ చెప్పాడు. పట్టుబడిన దొంగ 'ఈయన పాతింది టెంక, నేను కోసింది పండు, రెండూ ఒకటి కాదు' అని వాదిస్తే రాజు వదిలేస్తాడా? వదలడు. పండు టెంక కాకపోయినా టెంక వల్లే వచ్చింది.

ఈ గీత కూడా అనుకున్నంత సూటిగా సాగలేదు. బౌద్ధుల్లోనే వాత్సీపుత్రీయులు, సమ్మితీయులు 'పుద్గలం' అనే ఒక వ్యక్తిత్వం ఉందన్నారు. తోటి బౌద్ధులు వాళ్ల మీద విరుచుకుపడ్డారు, ఆత్మను దొడ్డిదారిన తెచ్చారని. బుద్ధుడు కాదన్నది నేను, నాది అనే చిన్న ఆత్మనే తప్ప ఉపనిషత్తుల పరమాత్మను కాదని రాధాకృష్ణన్ వంటివారు వాదించారు. శ్రీలంక, బర్మా వంటి చోట్ల నిలిచిన థేరవాద బౌద్ధం దీన్ని ఒప్పుకోదు.

దేవుడి సంగతి మాత్రం చాలామంది తారుమారుగా అనుకుంటారు. బౌద్ధ గ్రంథాల నిండా దేవతలున్నారు. బోధించమని బుద్ధుణ్ని బతిమాలింది సహంపతి అనే బ్రహ్మే. శక్రుడనే పేరుతో ఇంద్రుడు పదేపదే వస్తాడు. వాళ్లూ పుట్టి చచ్చేవాళ్లే, మోక్షం ఇచ్చే శక్తి వాళ్లకు లేదు, అంతవరకే. అటు చూస్తే వేదాన్ని నెత్తిన పెట్టుకున్న మీమాంసకులకూ, పాత సాంఖ్యులకూ సృష్టికర్త అక్కరలేదు. అయినా వాళ్లు ఆస్తికులే! మనుస్మృతి నిర్వచనంలో నాస్తికుడంటే వేదనిందకుడు. గీత వేదప్రామాణ్యం దగ్గర గీశారు, దేవుడి దగ్గర కాదు.

కులం దగ్గర

వాసిష్ఠుడు, భారద్వాజుడు అనే ఇద్దరు బ్రాహ్మణ యువకులు పుట్టుకతో బ్రాహ్మణుడా, నడతతోనా అని వాదించుకుని బుద్ధుడి దగ్గరికి వచ్చారు. గడ్డిలో, పురుగుల్లో, పక్షుల్లో జాతిభేదం ఒంటి మీదే కనిపిస్తుంది, మనుషుల్లో అలాంటి గుర్తు లేదు, పొలం దున్నేవాడు రైతు, దొంగిలించేవాడు దొంగ, అలాగే పనిని బట్టే బ్రాహ్మణుడు అన్నాడు బుద్ధుడు. నదులు సముద్రంలో కలిసి పేర్లు పోగొట్టుకున్నట్టు సంఘంలో చేరినవాళ్లు వర్ణం పోగొట్టుకుంటారని ఇంకోచోట అన్నాడు. క్షురకుడైన ఉపాలి సంఘ నియమావళికి పెద్ద దిక్కయ్యాడు. అంబేడ్కర్ బుద్ధుడిలో చూసిన సమానత్వానికి పాఠాల్లో బలమైన ఆధారం ఉంది.

ఇంకో పక్కా ఉంది. సంఘం బయటి సమాజంలో వర్ణాలను రద్దు చేయడానికి బుద్ధుడు పూనుకోలేదు. యజమాని నుంచి పారిపోయి వచ్చిన దాసుణ్ని, అప్పు తీర్చనివాణ్ని, రాజు కొలువులోని సైనికుణ్ని సంఘంలో చేర్చుకోకూడదన్న నియమాలు వినయపిటకంలో ఉన్నాయి. బుద్ధులు క్షత్రియ, బ్రాహ్మణ కులాల్లో తప్ప పుట్టరని పాళీ సంప్రదాయమే చెబుతుంది. సారిపుత్రుడు, మౌద్గల్యాయనుడు, మహాకాశ్యపుడు, అంటే మొదటి వరుసలో కూర్చునే శిష్యులు, పుట్టుకకు బ్రాహ్మణులు. బుద్ధుణ్ని ఆధునిక సంఘసంస్కర్తగా చూపేవాళ్లు ఈ పేజీ తిప్పేస్తారు. ఆయనకు కులంతో పేచీయే లేదనేవాళ్లు ముందు పేజీ తిప్పేస్తారు.

అన్న అశ్వమేధం, చెల్లెలి మహాచైత్యం

సిద్ధాంతాలు ఇలా కొట్లాడుకుంటుంటే ఇళ్లలో ఏం జరిగింది? దీనికి సాక్ష్యం మన నేల మీదే దొరుకుతుంది.

నాసిక్ గుహలో శాతవాహన రాజమాత గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం ఉంది. తన కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణిని ఆమె 'ఏకబ్రాహ్మణుడు' అంటుంది, వర్ణసంకరాన్ని ఆపినవాడంటుంది, రాముడికి, కేశవుడికి, అర్జునుడికి, భీమసేనుడికి సాటి అంటుంది. ఇంత వైదికాభిమానం నిండిన శాసనం దేనికోసం? భద్రాయనీయ శాఖ బౌద్ధ భిక్షువులకు ఆ గుహను దానమిస్తున్నందుకు! పొగడ్త వర్ణధర్మానికి, గుహ శ్రమణులకు.

కృష్ణ ఒడ్డున విజయపురిలో, ఇప్పటి నాగార్జునకొండలో, క్రీ.శ. 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల ఇల్లు ఇంకా ఆసక్తికరం. రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేసినవాడు, మహాసేనుడి (కుమారస్వామి) భక్తుడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ అక్కడి మహాచైత్యానికి, అంటే పెద్ద స్తూపానికి, ముఖ్య దాత. కొడుకు వీరపురుషదత్తుడి కాలంలో అంతఃపుర స్త్రీల దానాలతో విహారాలు లేచాయి. ఆ వీరపురుషదత్తుడు మేనత్త కూతుళ్లను పెళ్లాడాడు. మన మేనరికం ఎంత పాతదో చూడండి. ఆ శాసనాల్లో రాజు యజ్ఞాల పట్టికా, ఆడవాళ్ల దానాల పట్టికా పక్కపక్కనే చెక్కి ఉన్నాయి. ఆ ఇంట్లో ఎవరు ఏ మతం అని జనాభా లెక్కలవాళ్లు అడిగితే ఏమని రాసుకునేవారో!

అవతారం: ఆదరమా, ఎత్తిపొడుపా?

బుద్ధుడు విష్ణువు అవతారమన్నది నిజంగానే పురాణాల్లో ఉంది. ఎందుకు అవతరించాడన్నది చాలామంది చదవరు. విష్ణుపురాణంలో విష్ణువు తన శరీరం నుంచి మాయామోహుడిని పుట్టించి అసురుల మీదికి పంపుతాడు. వాడు వేదాలు వద్దు, పశువధ వద్దు అని నూరిపోసి వాళ్ల బలం పోగొడతాడు. భాగవతం ప్రకారం కీకట దేశంలో (మగధలో) బుద్ధుడు పుట్టేది సురద్వేషుల సమ్మోహం కోసం. అంటే బౌద్ధ బోధ అబద్ధం, దాన్ని చెప్పింది మాత్రం దేవుడు. దాయాదిని ఇంటికి పిలిచి గుమ్మం బయట పీట వేసినట్టు.

12వ శతాబ్దంలో జయదేవుడు పాడిన దశావతార స్తుతిలో ఆ పీట లోపలికి వచ్చింది. పశుహింసను చూసి కరిగిన హృదయంతో యజ్ఞవిధులను నిందించావు కేశవా అని ఆయన బుద్ధుణ్ని కీర్తిస్తాడు. ఇక్కడ మోసం లేదు, దయ ఉంది. ఆ రెండు చిత్రాల మధ్య కొన్ని శతాబ్దాలున్నాయి. అవతారమన్న మాటను ఒకరు సామరస్యానికీ, ఇంకొకరు అవమానానికీ గుర్తుగా చూపితే, ఇద్దరి చేతిలోనూ నిజమైన పద్యమే ఉంది. దశావతారాల పట్టికలో బుద్ధుడి చోట బలరాముణ్ని నిలిపే సంప్రదాయమూ మనకు తెలిసిందే.

వేదాంతంలో ఈ రాకపోకలు ఇంకా లోతుగా సాగాయి. శంకరుడికి పరమగురువుగా చెప్పే గౌడపాదుడి కారికల్లో చివరి ప్రకరణం పేరు అలాతశాంతి. తిప్పుతున్న కొరివి మంటవలయంలా కనిపించి, ఆగగానే వలయం మాయమయ్యే పోలిక అది, బౌద్ధులకు సుపరిచితం. ఆ ప్రకరణమంతా బౌద్ధ పరిభాషలో నడిచి, ముగింపు దగ్గర 'నైతద్ బుద్ధేన భాషితం' అంటాడు. ఇది బుద్ధుడు చెప్పలేదు! అంత పనిగట్టుకుని చెప్పవలసి వచ్చిందంటే పోలిక ఎంత దగ్గరగా ఉందో ఆయనకు తెలుసన్నమాట. శంకరుడు బ్రహ్మసూత్ర భాష్యంలో బౌద్ధుల మూడు వాదాలనూ ఖండించి, ఒకదానితో ఒకటి పొసగని మాటలు చెప్పిన బుద్ధుడికి జనం మీద ద్వేషమైనా ఉండాలి అన్నంత దూరం వెళ్లాడు. అయినా నింద తప్పలేదు. పద్మపురాణం శంకరుడి అద్వైతాన్నే మాయావాదమని పిలిచి, ప్రచ్ఛన్న బౌద్ధమంది. వ్యవహారంలో ఒక సత్యం, పరమార్థంలో ఇంకో సత్యం అన్న అద్వైతుల విభజన అంతకుముందే బౌద్ధ తాత్త్వికుడు నాగార్జునుడి మాధ్యమిక దర్శనంలో ఉంది మరి.

చేజర్ల గుడి

భారతదేశంలో బౌద్ధం ఎందుకు క్షీణించిందన్నది ఇంకో పెద్ద వ్యాసం. 12వ శతాబ్దం ముగిసేనాటి తురుష్క దాడుల్లో నలంద వంటి విహారాలు పోయాయి. అంతకు చాలా ముందే కృష్ణా లోయ విహారాలు ఆదరణ తగ్గి ఖాళీ అయ్యాయి. శైవ వైష్ణవ భక్తి పెరిగింది, రాజుల దానాలు గుళ్ల వైపు మళ్లాయి. గౌడ (బెంగాల్) రాజు శశాంకుడు బోధివృక్షాన్ని నరికించాడని హ్యూయెన్‌త్సాంగ్ రాశాడు. హింస ఎంత, ఇముడ్చుకోవడం ఎంత అన్న పాళ్ల దగ్గర చరిత్రకారులు ఒక మాట మీద లేరు.

పల్నాడులోని చేజర్ల కపోతేశ్వరాలయం ఈ పాళ్ల లెక్కకు మంచి ఉదాహరణ. గుడి వెనుకభాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది, పైకప్పు బౌద్ధుల ప్రార్థనామందిరాలైన చైత్యగృహాలను తలపిస్తుంది. ఒకప్పటి బౌద్ధ చైత్యమే శివాలయమైందని చాలామంది పండితుల అభిప్రాయం. గజపృష్ఠ ఆకారం బౌద్ధుల సొంతం కాదు, గుడిమల్లం శివాలయమూ ఆ ఆకారంలోనే ఉంది కాబట్టి ఆకారం ఒక్కటే చూసి తీర్పు చెప్పలేమన్నది ఎదురువాదన. స్థలపురాణం పావురం కోసం తన మాంసం కోసిచ్చిన శిబి చక్రవర్తిది. ఆ కథ మహాభారతంలో ఉంది. బౌద్ధుల బోధిసత్త్వ కథల్లోనూ ఉంది. ఆ మాంసదానం జరిగిన చోటంటూ ఇప్పటి పాకిస్థాన్‌లోని స్వాత్ లోయలో ఒక స్తూపాన్ని చీనా యాత్రికుడు ఫాహియాన్ చూశాడు. కథను ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో పావురానికే తెలియాలి.

1956లో రెండు మాటలు

బౌద్ధుల సంప్రదాయ లెక్కలో బుద్ధుడి పరినిర్వాణానికి 2500 ఏళ్లు నిండిన వేడుకలు జరిగిన ఏడాది అది. బుద్ధుడు తాను కొత్త మతం పెడుతున్నానని అనుకోలేదు, హిందువుగానే పుట్టి పెరిగి కన్నుమూశాడు అని సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ సందర్భంగా రాశారు. అదే ఏడాది అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ లక్షలాది అనుచరులతో బౌద్ధం స్వీకరించి 22 ప్రతిజ్ఞలు చేయించారు. బుద్ధుడు విష్ణువు అవతారమని నమ్మను, అది పిచ్చి, తప్పుడు ప్రచారం అన్నది అందులో అయిదోది. ఒకరికి కొనసాగింపు కనిపించింది. ఇంకొకరికి ఆ కొనసాగింపు అన్న మాటే తనను కట్టిన తాడులా కనిపించింది. పుస్తకంలో వెతికితే ఇద్దరికీ ఆధారాలు దొరుకుతాయి. అంటరానితనం అనుభవించినవాడికి పుస్తకంతో పాటు ఊరి బావి కూడా ఆధారమే.

మొదట చెప్పిన పెళ్లి చిక్కుకు ఇప్పుడు వద్దాం. రాజ్యాంగం 25వ అధికరణంలోని వివరణ, హిందువులంటే సిక్కులు, జైనులు, బౌద్ధులు కూడా అని చెబుతుంది. కానీ చెప్పేది ఒక పరిమితమైన పనికి: హిందూ ధార్మిక సంస్థలను అన్ని వర్గాలకూ తెరిపించే చట్టాలు చేసే అధికారం గురించి. వివాహ చట్టం బౌద్ధులకు వర్తిస్తుందని దాని 2వ సెక్షన్ విడిగా పేరు పెట్టి చెబుతుంది. బౌద్ధులు హిందువులే అనుకుంటే విడిగా చెప్పే అవసరమే లేదన్న తర్కం ఒకటి. ఒకే చట్టం కింద పెట్టడమే కలిపేయడమన్న ఫిర్యాదు ఇంకొకటి. 2011 జనాభా లెక్కల్లో 84 లక్షలమంది తమది బౌద్ధమని రాయించుకున్నారు. వాళ్లలో నాలుగింట మూడొంతులకు పైగా మహారాష్ట్రవాళ్లే, అంటే ఎక్కువమంది అంబేడ్కర్ దారిన వచ్చినవాళ్లు.

బుద్ధగయ కమిటీ 1949 నాటి బీహారు చట్టం ప్రకారం ఏర్పడింది. బౌద్ధులు నలుగురు, హిందువులు నలుగురు, అధ్యక్షుడిగా జిల్లా కలెక్టరు. అధ్యక్షుడు హిందువే అయి ఉండాలన్న షరతు 2013 దాకా ఉంది. భిక్షువులు ఆ చట్టమే వద్దంటున్నారు. శతాబ్దాల పాటు ఆ స్థలాన్ని చూసుకున్నది శైవ మహంతులే (మఠాధిపతులే) కదా అన్నది అవతలి వాదన. ఆ ప్రాంగణంలోనే ఒక చిన్న గుడి ఉంది. లోపల బట్టలు కట్టి, బొట్టు పెట్టి నిలిపిన విగ్రహాలను పంచపాండవులని భక్తులు కొలుస్తారు. ఆ బట్టలు తీసి చూస్తే అవి బుద్ధ విగ్రహాలు.